కర్టెన్ వెనక కొలతలు

టైలరు మాస్టారు రెండు మాటలు కలిపి మాట్లాడితే ఆ రోజు గొడుగు పట్టుకెళ్లాలని వీధిలో ఒక హాస్యం. మాస్టారు మూగవారేం కాదు. "చేతులు పైకి" అంటారు. "ఇటు తిరగండి" అంటారు. "గురువారం రండి" అంటారు. అంతకు మించి బతిమాలినా, బెదిరించినా ఆ పెదవులు విడవవు. పెళ్లైన కొత్తలో వాళ్లావిడ తన మీద కోపమేమో అనుకుంది. కొన్నాళ్లు చూసింది. గోడలతో, కుర్చీలతో, చుట్టాలతో కూడా ఇంతేనని తేలాక కాస్త ఊరడిల్లింది.

కానీ ఆవిడకు ఒక్క కడుపుమంట మిగిలిపోయింది. ఆయన ఫోన్‌తో మాట్లాడతారు. ఫోన్‌లో అవతలి మనిషితో కాదు. ఫోన్‌తోనే.

షాపుకు రెండు గదులు. ముందు గదిలో నిలువెత్తు అద్దం, కుట్టు మిషన్లు, ఆవిడ కాజాలు కుట్టుకునే ఎత్తు కుర్చీ. వెనక గదిలో బట్ట కోసే బల్ల. మధ్యలో గోధుమరంగు కర్టెన్. ఎవరైనా కొలతలకొస్తే మాస్టారు ఫోన్‌ను చొక్కా జేబులో పెట్టుకుని రికార్డు నొక్కుతారు. రెండు చేతులూ టేపు మీద ఉంటాయి కాబట్టి రాసుకోరు, కొలతలు పైకి చదువుతారు. అక్కడిదాకా అందరూ చూసేదే. తర్వాత "ఒక్క నిమిషం" అని కర్టెన్ వెనక్కి వెళ్తారు. ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని గుసగుసగా ఇంకేదో చెప్తారు. ఆ నిమిషం ఎప్పుడూ నిమిషంతో ఆగదు. బట్ట కోసేటప్పుడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ మాటలే వింటూ కత్తెర ఆడిస్తారు.

"మీ ఆయన అసలు మాట్లాడరా?" అని ఎవరైనా అడిగితే ఆవిడ దారం పళ్లతో తుంచి, "ఎందుకు మాట్లాడరు? ఆ డబ్బాతో మాట్లాడతారు. నేనే డబ్బానై పుడితే బాగుండేది" అనేది.

ఆ గుసగుసల్లో ఏముందో మాస్టారికొక్కరికే తెలుసు. 'పొట్ట లోపలికి లాక్కుని నిలబడ్డాడు. నమ్మొద్దు. రెండంగుళాలు కలుపు.' 'కుడి భుజాన ఏళ్లతరబడి సంచి మోసింది, ఆ పక్క పల్లం.' 'ముందునుంచి నెమలి, వెనకనుంచి కోడి. వెనక భాగం నెమలికి తగ్గట్టు కుట్టాలి.' అంకెలతో కుడితే గోనెసంచి అవుతుందనీ, కోటు కావాలంటే ఈ మాటలు కావాలనీ ఆయన నమ్మకం. మనుషులు టేపు ముందు అబద్ధాలాడతారు. ఆ అబద్ధాలను పట్టుకుని కోటులో సర్దడమే ఆయన పనితనం. అయితే ఆ మాటలు ఎవరి చెవినైనా పడితే మళ్లీ ఆ షాపు గడప తొక్కేవాడుండడు. అదీ ఆయన భయం.

ఊళ్లో కొత్తగా కట్టిన వంతెన ఆ ఆదివారం తెరుస్తారు. అక్కడ వాయించే బ్యాండు వాళ్లందరికీ ముదురు నీలం కోట్లు కుట్టే పని మాస్టారికొచ్చింది. కొలతలన్నీ తీసుకున్నారు. కర్టెన్ వెనక చెప్పాల్సినవన్నీ చెప్పుకున్నారు. బట్ట బల్ల మీద పరిచి, సుద్ద చేతిలో పట్టుకుని రికార్డరు తెరిస్తే, అది తెరుచుకోలేదు. దాని బదులు ఒక మాట కనబడింది: 'మీ ఫోన్ పాతబడింది. ఇక దీనికి మా సేవలు అందవు. కొత్తది తీసుకోండి.'

మాస్టారు మళ్లీ నొక్కారు. మళ్లీ అదే. ఫోన్‌ను తొడకేసి తుడిచి నొక్కారు. ఏ మార్పూ లేదు.

వీధి చివర వాళ్లావిడ తమ్ముడిది ఫోన్లు బాగుచేసే షాపు. వాడికి నోరు ఎక్కువ. బావ వాటా మాటలు కూడా తనే మాట్లాడుతున్నానని చెప్పుకుంటాడు. బావ గుమ్మంలో నిలబడేసరికి భూతద్దం కంటినుంచి తీసి ఆకాశంలోకి చూశాడు.

"మబ్బేం పట్టలేదే. ఏంటి బావా ఇలా వచ్చావు?"

మాస్టారు ఫోన్ బల్ల మీద పెట్టారు. బావమరిది దాన్ని అటూ ఇటూ తిప్పి, తీగ తగిలించి, కాసేపు చూశాడు.

"దీనికి ఏ జబ్బూ లేదు బావా. అద్దం బాగుంది, బ్యాటరీ బాగుంది. కన్నవాళ్లే వదిలేశారు."

"అంటే?"

"నీకు కనబడేది ఒళ్లు. దాన్ని నడిపించేది లోపల ఇంకోటుంటుంది, ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. నువ్వు బొత్తం నొక్కావనుకో, అది విని మైకును లేపుతుంది, రికార్డరును లేపుతుంది, ఎవరి పని వాళ్లకి చెప్తుంది. దాన్ని చేసిన కంపెనీ ఎప్పటికప్పుడు చిల్లులు పూడుస్తూ ఉండాలి. నీ మోడల్ పాతదైందని మానేసింది. ఇప్పుడు ఆ రికార్డరేమో, కొత్త సిస్టమ్ ఉంటేనే పలుకుతానంటోంది."

"నువ్వు పూడ్చు."

"ఎలా పూడుస్తా? లోపల ఏం రాశారో వాళ్లు బయటివాళ్లకి చూపించరు. అద్దం పగిలితే మారుస్తాను గానీ, చూడనిదాన్ని ఏం బాగుచేస్తాను?"

మాస్టారు ముఖం కందగడ్డలా చేసుకుని ఫోన్ వైపు చూశారు. బావమరిది కుర్చీ ముందుకు జరిపాడు. వాడికి ఇష్టమైన చోటుకు మాట వచ్చింది.

"ఇంకో దారుంది బావా. ఓపెన్ సోర్స్ సిస్టమ్ అని ఉంది. దాంట్లో రాసిందంతా బయట పెట్టేశారు. ఎవరైనా చదవొచ్చు. తప్పు కనబడితే దిద్దొచ్చు. తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు, మార్చింది పదిమందికీ పంచొచ్చు. కంపెనీలు వదిలేసిన పాత ఫోన్లను చేరదీసే వాళ్లున్నారు అందులో. నీ మోడల్‌ను కూడా ఎవరో చేరదీశారు, ఇప్పుడే చూశా."

"ఎవరు?"

"నాకేం తెలుసు? ఎక్కడెక్కడి వాళ్లో. పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం దీని ముందు కూర్చునేవాళ్లు కొందరు. జీతమిచ్చి చేయించే సంస్థలు కొన్ని. నీకు మాత్రం ఊరికే వస్తుంది."

"ఊరికేనా? వాళ్లకి వేరే పని లేదా?"

"మాటలే ఊరికే ఇవ్వనివాడివి, నీకెలా అర్థమవుతుంది బావా."

మాస్టారు ఆ మాటను చెవిన వేసుకోలేదు. ఆయన బుర్ర ఇంకోచోట ఆగిపోయింది.

"లోపలిదంతా అందరూ చూస్తారా?"

"అందరూ! ప్రపంచంలో ఎవరైనా సరే. దాపరికమే లేదు. దాని గొప్పే అది!"

మాస్టారు చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నారు. జేబులో వేసుకున్నారు. వెళ్లిపోయారు. బావమరిది నోరు తెరుచుకుని ఉండిపోయాడు. వాడి నోరు ఊరికే తెరుచుకుని ఉండటం కూడా వీధికి కొత్తే.

దారిలో మాస్టారు ఆలోచించిందల్లా లైనింగు గురించి. ఆయన ఎన్నో పాత కోట్లు విప్పారు. కోటు లోపలి కుట్టు చూడాలంటే లైనింగు విప్పాలి. లైనింగు విప్పితే కుట్టొక్కటే కనబడదు. జేబు చిల్లులోంచి జారి లోపల పడ్డవన్నీ కనబడతాయి. విరిగిన దువ్వెన, బస్సు టికెట్లు, ఒక పెద్దమనిషి కోటులో అయితే ఆయన భార్య రాయని ప్రేమలేఖ. దాన్ని మాస్టారు చివరిదాకా చదవకుండా మడిచి ఆయన చేతిలో పెట్టారు గానీ, అందరూ అలా పెడతారా? ప్రపంచంలో ఎవరైనా లోపలికి చూడొచ్చంటే, కర్టెన్ వెనక తను అన్న మాటలన్నీ విన్నట్టే. ఈ వంతెన పని పోతే పోయింది. ఊరు మొత్తం తనమీద విరుచుకుపడితే?

అంకెలు ఎలాగూ ఆయనకు నోటికొచ్చు. మిగతా మాటలు కూడా గుర్తుంటాయిలే అనుకున్నారు. ముందుగా రెండు కోట్లు కోసి, దారాలతో అక్కడక్కడా పట్టించి, ట్రయలుకు పిలిచారు.

బ్యాండును నడిపే ఆయన్ని అందరూ బ్యాండు పెద్ద అంటారు, ఊదేది బాకా. మనిషి నిండు పీపాలా ఉంటాడు. మనసు మెత్తన. పిల్లనగ్రోవి వాయించే ఆయన వెదురు పుల్లలా ఉంటాడు, మాట మాత్రం సూది. ఇద్దరూ అద్దం ముందు కోట్లు తొడుక్కున్నారు.

"ఒకసారి ఊది చూస్తాను మాస్టారూ," అని బ్యాండు పెద్ద బాకా తీసి, ఊపిరి లోపలికి పీల్చాడు. పాట మొదలవ్వక ముందే పొట్ట మీది గుండీ తెగి, అద్దానికి టంగున తగిలి, ఆవిడ ఒళ్లో పడింది.

ఆవిడ దాన్ని తీసి చూసి, "నా కుట్టు గట్టిదే. దారంతో సహా వచ్చేసింది పాపం," అంది.

"ఇది కోటా, పంజరమా మాస్టారూ?" అన్నాడు బ్యాండు పెద్ద ఎర్రబడిన ముఖంతో.

పిల్లనగ్రోవి ఆయన తన కోటు ముందు భాగాన్ని రెండు చేతులతో పట్టుకుని దూరంగా లాగి చూపించాడు. "నాది ఇద్దరికి సరిపోయేలా ఉంది. లోపలికి ఎవరినైనా తోడు పిలుచుకోనా?"

మాస్టారికి అప్పుడు వెలిగింది. నాలుగంగుళాలు కలపమని ఎవరికో చెప్పుకున్న మాట గుర్తుంది గానీ, ఎవరికో గుర్తులేదు. బాకాకు కలపాల్సింది పిల్లనగ్రోవికి కలిపారు.

బ్యాండు పెద్ద కోటు విప్పి, నలగకుండా మడిచి ఇచ్చాడు. "మీ చేతి కోటు కావాలని వచ్చాం. వీలు కాదంటే చెప్పండి, మొహమాటం లేదు. పెద్ద దుకాణంలో కుట్టినవే దొరుకుతాయి."

తిట్టినా మాస్టారు పట్టించుకునేవారు కాదు. కుట్టినవే దొరుకుతాయన్న మాట మాత్రం సూది విరిగి వేలిలో మిగిలిపోయినట్టు గుచ్చుకుంది.

వాళ్లు వెళ్లాక ఆవిడ కుర్చీ దిగింది. "ఫోన్ ఎందుకు బాగుచేయించలేదు?"

మాస్టారు మడిచిన కోటు మళ్లీ విప్పారు.

"తమ్ముడు చేస్తానన్నాడట కదా. మీరే లాక్కుని వచ్చేశారట."

మాస్టారు టేపు చుట్టారు, విప్పారు, మళ్లీ చుట్టారు.

"వింటారు," అన్నారు చివరికి.

"ఎవరు?"

"అందరూ."

"ఏం వింటారు?"

"లైనింగు విప్పితే జేబులోవి కనబడవూ?"

ఆవిడకు ముక్క అర్థం కాలేదు. కానీ ఆయన ముఖంలో బెదురు మాత్రం అర్థమైంది. ఇన్నేళ్లలో ఆయన చేతినుంచి కత్తెర జారి కాలి మీద పడ్డప్పుడు కూడా అంత బెదురు చూడలేదు. ఇంకేం అడగకుండా ఆయన జేబులోంచి ఫోన్ తీసుకుని గబగబా వీధిలోకి నడిచింది. మాస్టారు మెడలో టేపుతోనే వెనక పడ్డారు.

లైనింగు మాట వినగానే బావమరిది బల్ల మీద తల పెట్టుకుని నవ్వాడు. అక్క ఒకటి తగిలించాక ఆపాడు.

"బావా, నీ భాషలోనే చెప్తా విను. కోటు కుట్టడానికి నమూనా కాగితం కోసుకుంటావు కదా. ఆ కాగితం నువ్వు వీధి గోడకి అంటించావనుకో. దారినపోయేవాళ్లు చూస్తారు. చంక ఇంకాస్త లోతు కావాలని ఒకడంటాడు. కాలరు కుట్టడం రానివాడు చూసి నేర్చుకుంటాడు. అంతే కదా? ఆ కాగితం చూసినంతమాత్రాన రొట్టెల షాపాయన కోటు జేబులో ఏముందో తెలుస్తుందా?"

మాస్టారు ఆలోచించారు. "తెలీదు."

"అందరికీ చూపించేది నమూనా. నీ కోటు నీదే, నీ జేబు నీదే, దాంట్లో పడేసిన చెత్త కూడా నీదే. పైగా నమూనా అందరూ చూస్తారు కాబట్టి, దొంగజేబు పెట్టి కుడితే ఎవడో ఒకడు పట్టుకునే వీలుంది. చూడనివ్వకుండా కుట్టినదాంట్లో అయితే పెట్టినా నీకు తెలీదు."

"ఇందులో పెట్టారా?" అని మాస్టారు తన ఫోన్ వైపు వేలు చూపించారు.

బావమరిది ఏదో నొక్కి చూశాడు. వాడి ముఖంలో కొంటెతనం పాకింది. "బావా, నువ్వు రికార్డు చేసిన ప్రతిదీ ఇంకో కాపీ ఎక్కడికెళ్తోందో తెలుసా?"

"ఎక్కడికి?"

"కంపెనీ వాళ్ల కంప్యూటర్లోకి. మొదటిరోజు 'సరే' అని ఒకటి నొక్కి ఉంటావు. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో రాశారు."

మాస్టారు స్టూలు మీద కూలబడ్డారు. తెరిచిన కిటికీలోంచి ఎవరో తొంగిచూస్తారని భయపడి, మూసిన తలుపు ఇవతల నిలబడి, అవతలున్నవాళ్లకి ఇన్నేళ్లూ అన్నీ ఒప్పజెప్పారు.

"అక్కడ వినేవాడెవడూ ఉండడులే," అని బావమరిది జాలిపడ్డాడు. "ఉంటే ఈపాటికి నీ దగ్గరే కోటు కుట్టించుకునేవాడు. వాటిని చెరిపేయమని అడుగుదాం, నేను చూసుకుంటా."

తర్వాత వాడు దాపరికం లేకుండా అన్నీ చెప్పాడు. కొత్త సిస్టమ్ ఎక్కించాలంటే ఫోన్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, కాబట్టి ముందే కాపీ తీసుకోవాలి. మధ్యలో తేడా వస్తే ఫోన్ ఇటుకరాయైపోవచ్చు. బ్యాంకు యాప్ కొన్నిసార్లు దీంట్లో మొరాయిస్తుంది. ఫొటోలు ఇంతకు ముందంత బాగా రాకపోవచ్చు.

"రికార్డరు?" అన్నారు మాస్టారు.

"దానికి చిన్న యాప్ ఉంది. నీ మాట నీ ఫోన్‌లోనే ఉంటుంది, గడప దాటదు. మైకు వాడుకోనా అని ముందు నిన్ను అడుగుతుంది. వద్దంటే నోరు మూసుకుని కూర్చుంటుంది, నీలాగే."

"ఎక్కించు."

కంప్యూటరుకు తీగ తగిలించి రికార్డింగులన్నీ కాపీ చేశాడు. "తుడిచేముందు ఇవి సరిగ్గా వచ్చాయో లేదో ఒకసారి వినాలి. తర్వాత ఏడ్చినా రావు."

"నేను వింటా," అన్నారు మాస్టారు గబుక్కున. "మీరు బయటికెళ్లండి."

"నా షాపులోంచి నన్నే గెంటేస్తున్నావా బావా?"

"వెళ్లు."

అక్కా తమ్ముడూ బయటికెళ్లి మెట్టు మీద కూర్చున్నారు. కోట్ల సంగతి ఏమైందో కనుక్కుందామని అప్పుడే వచ్చిన బ్యాండు పెద్ద కూడా వాళ్ల పక్కన చతికిలబడ్డాడు. ఎదుటి షాపులో రొట్టెలాయన ట్రేలు తుడుచుకుంటున్నాడు.

లోపల మాస్టారు తలుపు దగ్గరికి లాగి, అలవాటుగా ఇయర్‌ఫోన్ల తీగ తన ఫోన్‌కే గుచ్చి, చెవుల్లో రెండూ బిగించుకున్నారు. ఆ పైన బావమరిది చూపించిన చోట కంప్యూటరులో నొక్కారు. ఏం వినబడలేదు. కంప్యూటరు పక్కన చిన్న మీట ఉంది. తిప్పారు. అయినా వినబడలేదు. మిషను మోతకు తన చెవులు కాస్త మందగించాయని తెలుసు కాబట్టి, ఇంకాస్త తిప్పారు. చివరిదాకా తిప్పారు.

ఆ మీట షాపు బయటి గోడ మీద, వీధివైపున్న రెండు పెద్ద స్పీకర్లది.

"బ్యాండు పెద్ద!" అని వీధి దద్దరిల్లింది. మెట్టు మీది పెద్దమనిషి ఉలిక్కిపడి, "ఆఁ?" అన్నాడు.

"మామూలుగా నిలబడితే దర్జా. బాకా నోట్లో పెట్టుకుంటే కప్ప. ఊపిరి తీస్తే ఛాతీ కాదు పెరిగేది, పొట్ట. నాలుగంగుళాలు అక్కడ కలుపు. ఎవరికీ కనబడకుండా పక్క కుట్లలో దాచు. ఈ మనిషి బతికేదే ఆ ఊపిరి మీద. కోటు దానికి అడ్డం రాకూడదు."

బావమరిది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాతది దానంతటదే మొదలైంది.

"బావమరిది! వంగి కూర్చుని కూర్చుని మెడ ముందుకొచ్చింది. తాబేలు. కాలరు వెనక ఎత్తుగా లేపు. నోరు ఎంత ఎక్కువో నడక అంత తక్కువ. చేతులు మాత్రం బంగారం. ఆ ముక్క వాడికి తెలియనివ్వకు, నెత్తికెక్కుతాడు."

బావమరిది చెయ్యి నోటిమీదనుంచి మెడ వెనక్కి పోయింది. "తాబేలా?" అన్నాడు.

"చేతులు బంగారమట," అంది అక్క.

"రొట్టెల షాపాయన!" అని వినబడగానే ఎదుటి ఆయన ట్రే పక్కన పెట్టి వీధి మధ్యకొచ్చాడు. "తన రొట్టెలు తనే తింటాడు, అంటే మంచి రొట్టెలే. నడుం దగ్గర ఏటా ఒక అంగుళం వదులు పెట్టు, అడగడానికి సిగ్గుపడతాడు."

"నిజమే," అని రొట్టెలాయన తనలో తను అన్నాడు. "నేనెప్పుడూ అడగలేదు. ఎలా సరిపోతోందా అనుకునేవాణ్ణి."

అప్పుడు గొంతు మారింది. అదే మాస్టారి గొంతు. కానీ కర్టెన్ వెనక కూడా ఎవరైనా ఉన్నారేమోనన్నంత నెమ్మది.

"ఇంటావిడ. చలికోటు. ఎడమ భుజం కొంచెం దిగింది. నా కోట్లకి కాజాలు కుట్టి కుట్టి అలా అయింది. తనకి తెలీదు. తెలిస్తే అద్దం ముందు బాధపడుతుంది. ఆ వైపు లోపల ఇంకో పొర దూది పెట్టు. ప్రతి ఏడూ పెట్టు. రంగు ముదురు ఎరుపు. తనే ఎంచుకున్నానని అనుకునేలా ఆ బట్ట పైన పెట్టి ఉంచు."

ఆవిడ చెయ్యి ఎడమ భుజం మీదికి వెళ్లింది. తలుపు కాస్త తీసి మాస్టారు బయటికి తొంగిచూశారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు అలాగే ఉన్నాయి.

"ఏం రావట్లేదు. కాపీ పాడైపోయినట్టుంది," అన్నారు గట్టిగా.

బావమరిది లేచి, ఆయన చెవిలోంచి ఒకటి లాగాడు. సరిగ్గా అప్పుడే స్పీకర్లలోంచి మాస్టారి గొంతు, "గుండీలు తనకి నచ్చినవే పెట్టు, లేకపోతే మార్చేదాకా ఊరుకోదు," అంది.

మాస్టారు ఆ గొంతు విన్నారు. స్పీకర్లు చూశారు. బ్యాండు పెద్దను చూశారు. రొట్టెలాయనను చూశారు. వాళ్లావిడ వైపు మాత్రం చూడలేకపోయారు. ఆయన మెడలో టేపు కూడా సిగ్గుతో ఇంకాస్త కిందికి వేలాడినట్టనిపించింది.

బ్యాండు పెద్ద లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. మాస్టారు తిట్లు తినడానికి సిద్ధంగా తల వంచారు.

"నాలుగంగుళాలు కలపమన్నారు కదా," అన్నాడు బ్యాండు పెద్ద. "మరి కలపలేదేం?"

మాస్టారు తలెత్తారు.

"కప్ప అనండి, ఏనుగు అనండి. ఆ నాలుగంగుళాలు నాకిప్పించండి. ఇన్నేళ్లలో నా ఊపిరి గురించి ఆలోచించినవాణ్ణి నేను చూడలేదు. మా ఇంట్లో వాళ్లు చెవులు మూసుకుంటారు, అంతే."

"మిగతా వాళ్లవి కూడా ఉన్నాయా?" అన్నాడు రొట్టెలాయన. "పిల్లనగ్రోవి ఆయన గురించి ఏమన్నారు? కాస్త పెట్టండి."

"తుడిచెయ్యి," అన్నారు మాస్టారు బావమరిదితో.

"తాబేలు నెమ్మదిగా చేస్తుంది బావా. కాస్త ఓపిక పట్టు."

నెమ్మదిగానే చేశాడు. మధ్యలో ఒకసారి తెర నల్లబడి చాలాసేపు ఏ కదలికా లేకపోయేసరికి మాస్టారు ఊపిరి బిగబట్టారు. ఇటుకరాయి కాలేదు. కొత్త ముఖంతో లేచింది. అక్షరాలు పెద్దవి. ఆయన ఎన్నడూ ముట్టని యాప్‌లు, తీసేయబోతే పోనివి, ఏవీ లేవు. రికార్డరుంది, ఫోనుంది, గడియారముంది. పాత రికార్డింగులన్నీ మళ్లీ లోపల పెట్టాక బావమరిది ఫోన్ అంచునున్న మీట చూపించాడు.

"తెర ఆపి ఉన్నా సరే, ఇది గట్టిగా నొక్కి పట్టుకుంటే రికార్డు మొదలవుతుంది. జేబులో ఉండగానే నొక్కుకో."

"ఇది ఎవరు పెట్టారు?"

"ఎవరో పశువుల డాక్టరట. ఆవు దగ్గరున్నప్పుడు చేతులు ఖాళీ ఉండవని తనకోసం రాసుకున్నాడు. పనికొస్తుందని అందరికీ వదిలాడు."

మాస్టారు మీటను బొటనవేలితో నొక్కి పట్టి, వదిలి చూశారు. "పనివాడు," అన్నారు. ఆయన నోట అంతకు మించిన పొగడ్త లేదు. తనంతట తనే ఇంకో మాటన్నారు. "రికార్డు ఆగినప్పుడు కూత పెడుతోంది. ఎదుటివాడు ఉలిక్కిపడి భుజం ఎత్తుతాడు. కొలత పోతుంది. ఆ డాక్టరుకి చెప్పు."

"చెప్తా బావా. దీంట్లో ఆ సౌకర్యం కూడా ఉంది. నువ్వు నోరు విప్పితే వినేవాళ్లున్నారు."

ఆదివారం వంతెన మీద బ్యాండు పెద్ద ఊపిరి పీల్చినప్పుడు జనమంతా బాకా వైపు చూస్తే మాస్టారు గుండీ వైపు చూశారు. గుండీ కదల్లేదు. పాట బాగుందో లేదో ఆయనను అడిగి లాభం లేదు. పిల్లనగ్రోవి ఆయన మాత్రం వాయించడం అయ్యాక దగ్గరికొచ్చి, "నా గురించి ఏమన్నారో చెప్పేదాకా ఈ కోటు విప్పను," అని కూర్చున్నాడు. మాస్టారు "గురువారం రండి" అన్నారు.

ఇంటావిడ మాత్రం ఆ వీధి సంగతి తర్వాత ఒక్క మాటా ఎత్తలేదు. మాస్టారికి అదే గుబులు. తిట్టినా బాగుండేది. ఇంట్లో ఒకళ్లు మాట్లాడకపోవడం మామూలే, ఇద్దరూ మాట్లాడకపోతే గోడలే భయపడేలా ఉంది. ఓ ఉదయం ఆవిడ చలికోటు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఆ దూది తీసేయండి."

మాస్టారు ఆవిడ వైపు చూశారు.

"నా భుజం నా పని చేసే దిగింది. దిగినట్టే కనబడనివ్వండి. ఎరుపు మాత్రం బాగుంది," అని ఆగింది. "ఎంచుకుంది నేనే."

మాస్టారు లైనింగు విప్పి దూది తీశారు. ఆవిడ తొడుక్కుని అద్దంలో అటూ ఇటూ చూసుకుని, వెళ్లి తన ఎత్తు కుర్చీలో కూర్చుంది.

ఆ తర్వాత, వంతెన హడావిడిలో సగమే తగ్గించిన పిల్లనగ్రోవి ఆయన కోటు సరిచేయడానికి మాస్టారు కర్టెన్ వెనక బల్ల ముందు నిలబడ్డారు. ఇయర్‌ఫోన్లు ఈసారి ఎక్కడ గుచ్చారో రెండుసార్లు చూసుకున్నారు. జాబితాలో అన్నిటికన్నా పైన, తను చేయని రికార్డింగొకటి కనబడింది. నొక్కారు. వినబడింది వాళ్లావిడ గొంతు.

"టైలరు మాస్టారు. భుజాలు బాగున్నాయి. నడుం మామూలే. నోటి దగ్గర కుట్టు మరీ బిగుతు. ఎవరు కుట్టారో గానీ రెండు పేటల దారంతో కుట్టారు. ఒక్కసారిగా విప్పితే బట్ట చిరుగుతుంది. రోజుకి కొంచెం కొంచెంగా విప్పాలి. విప్పే మనిషి ముందు గదిలోనే ఉంది."

మాస్టారు చేతిలో కత్తెర ఆగిపోయింది. కర్టెన్ అవతల మిషను చప్పుడు కూడా ఆగింది. ఆవిడ దారం తుంచుతున్నట్టు నటిస్తోందని ఆయనకు తెలుసు.

ఆయన ఫోన్ బల్ల మీదే వదిలేసి కర్టెన్ తీసుకుని ముందు గదిలోకొచ్చారు. ఆవిడ ఎదురుగా నిలబడ్డారు.

"పిల్లనగ్రోవి ఆయన," అన్నారు, "నడుస్తుంటే బట్టలారేసిన దండెం కదిలినట్టుంటుంది."

ఆవిడ కిసుక్కున నవ్వింది. సూది పక్కన పెట్టి, పక్కనున్న స్టూలు కాలితో ఆయన వైపు జరిపింది.

"ఊఁ, తర్వాత?" అంది.